క్రేనెక్కే కోడలు, నా తియ్యని గడ్డపెరుగు

మా కోడలు టవర్ క్రేను నడుపుతుంది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు మళ్ళీ అడుగుతారు. నేను మళ్ళీ అదే చెబుతాను. అరవై మీటర్ల ఎత్తున, కాళ్ళు చాపుకోను కూడా చోటులేని అద్దాల గదిలో కూర్చుని, లారీ బరువున్న ఇనుమును పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినంత మెల్లగా దించుతుంది. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమె విషయంలో నేను నిర్ఘాంతపోయినన్ని సార్లు ఈ డెబ్బైనాలుగేళ్ళలో ఇంకెవరి విషయంలోనూ నిర్ఘాంతపోలేదు కనుక రాస్తున్నాను.

నా గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే సంగతి అర్థం కాదు. నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. ఇరవయ్యో ఎక్కం ఈరోజుకీ తడుముకోకుండా అప్పజెబుతాను. నలభై ఒక్క ఏళ్ళు పాల వ్యాపారం చేశాను. వరసగా ఇరవై మూడేళ్ళు, తుఫాను రోజుతో సహా, ఒక్క ఇంటికి కూడా పాలు ఆలస్యం కానివ్వలేదు. ఈ పట్నానికి పాలు పితికే మిషను మొదట తెచ్చింది నేను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో పదహారుమంది సొంత డెయిరీలు పెట్టుకున్నారు. వీటన్నిటికన్నా పెద్దది నా పెరుగు. గిన్నె బోర్లించినా జారదు. కత్తితో కోస్తే అంచు నిలుస్తుంది. నాలుక మీద పెడితే తియ్యగా ఉంటుంది. బజార్లో నా పేరు చెబితే ఎవరికీ తెలియదు, ‘గడ్డపెరుగు తాత’ అంటే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొస్తారు.

మా ఆవిడ పోయాక వంటగది నా చేతికొచ్చింది. మావాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, వారంలో నాలుగు రోజులు బయట ఊళ్ళలోనే ఉంటాడు. కాబట్టి ఇంట్లో ఎక్కువగా ఉండేది నేనూ కోడలూ.

ఆమె ఒక తాపీమేస్త్రీ కూతురు. చిన్నప్పుడు తండ్రి పనిచేసే చోట ఇటుకలు అందిస్తూ పైన క్రేను వైపు చూసేదట. అందరూ కిందే తిట్టుకుంటుంటే ఆ పైనున్నవాడొక్కడే ప్రశాంతంగా ఉన్నాడనిపించేదట. క్రేను శిక్షణలో చేరిన పదకొండుమందిలో ఆడది ఆమె ఒక్కతే. పరీక్ష మొదటిసారి తప్పింది, రెండోసారి అందరికంటే ముందు నిలిచింది. రోజూ పొద్దున్నే రెండువందల పన్నెండు మెట్ల ఇనప నిచ్చెన ఎక్కుతుంది. ఆ అంకె నేను బజారంతా చెప్పుకుని తిరిగాను.

పని తెల్లారాక మొదలైతే ఆమె చీకటితోనే లేచి స్నానాలగదిలో దూరేది. గంటసేపు బయటికొచ్చేది కాదు. నేను తలుపు బయటినుంచి, స్నానమా సముద్రం తోడుతున్నావా అని ఎగతాళి చేసేవాణ్ణి. లోపలినుంచి, అయిపోయింది మామయ్యా అనేది. ఐదేళ్ళు ఈ ఎగతాళి చేశాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

పోయినేడాది ఒకరోజు ఆమె భోజనం డబ్బా మరిచిపోయి వెళ్ళింది. నేనే తీసుకెళ్ళాను. గేటు దగ్గర సిగ్నల్ మనిషి ఎదురొచ్చాడు. కిందనుంచి రేడియోలో ఆమెకు దారి చెప్పేది ఇతనే. ఈల వేసినట్టు మాట్లాడతాడని అందరూ అతన్ని ‘ఈల’ అంటారు. డబ్బా చూడగానే అతని మొహం వెలిగిపోయింది.

“మీరేనా గడ్డపెరుగు తాత? రోజూ పండగే తాతా నాకు. ఇవాళ రాలేదేమిటా అని చూస్తున్నా.”

నీకు రాకపోవడమేమిటని అడిగాను. అతను కాస్త తడబడి, ఎనిమిది నెలలుగా ఆ డబ్బా తింటున్నది తానేనన్నాడు. అక్క పైకి ఒక్క నీళ్ళ సీసాతో వెళుతుందనీ, డ్యూటీ ముగిసేదాకా గింజ ముట్టదనీ చెప్పాడు. ఆ నీళ్ళు కూడా సగం తిరిగొస్తాయట.

ఎనిమిది నెలలు నేను తెల్లవారుజామున లేచి వండిన అన్నం, ఉడకబెట్టిన చిక్కుడు గింజలు, ఉల్లిపాయలతో వేయించిన కూర, నా పెరుగు, అన్నీ ఎవరో ముక్కూమొహం తెలియనివాడు తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. ముందు కోపమొచ్చింది. కానీ అతను చెప్పాల్సింది ఇంకా ఉంది.

బరువు గాల్లో వేలాడుతుండగా ఆపరేటరు సీటు వదలకూడదు. వాళ్ళ పనిలో మొదటి పాఠం అదే. ఆమె ఎప్పుడూ వదల్లేదు. కానీ ఆ ఏడాదిలో రెండుసార్లు, కింద ముప్పైమంది ఎదురుచూస్తుండగా, బరువును దొరికిన చోట దించేసి, నిచ్చెన దిగి పరుగెత్తింది. దిగడానికి పది నిమిషాలు, తిరిగి ఎక్కడానికి పావుగంట. రెండోసారి సేఫ్టీ ఆఫీసరు కాగితం రాసిచ్చాడు. మూడోసారి ఇలా జరిగితే ఆమెను క్రేను మీదినుంచి తీసేసి స్టోర్సులో కూర్చోబెడతారట. కారణం అడిగితే, ఒంట్లో బాగోలేదు అని ఊరుకుందట. మావాడికీ తెలియదు, నాకూ తెలియదు. డబ్బా అతని చేతిలోనే పెట్టి ఇంటికొచ్చాను.

సాయంత్రం ఆమె రాగానే కూర్చోబెట్టి అడిగాను. తల దించుకుని, కడుపులో మెలిపెడుతుంది మామయ్యా, అంది. పెళ్ళికి ముందు కూడా అప్పుడప్పుడూ ఉండేదట, ఈ ఐదారేళ్ళలో ముదిరింది. కొన్ని రోజులు పరుగే పరుగు, కొన్ని రోజులు నాలుగు రోజులదాకా కదలిక ఉండదు. కడుపు డప్పులా ఉబ్బుతుంది. ఖాళీ కడుపుతో ఉంటే కాస్త నయమని తిండి మానేసింది. అంత ఎత్తున, ఖాళీ కడుపుతో, కింద అంతమంది తలల మీదుగా ఇనుము తిప్పుతూ కూర్చుంటోంది. కళ్ళు తిరిగితే ఏమయ్యేదో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

మర్నాడే సెలవు పెట్టించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. రక్తపరీక్షలు, ఇంకేవో పరీక్షలు అయ్యాక ఆమె చెప్పింది: పుండు లేదు, గడ్డ లేదు, ప్రాణభయం లేదు, పేగుది చిరాకు స్వభావం. పేగుకు చిరాకేమిటని నేను నవ్వబోయాను. డాక్టరమ్మ నవ్వలేదు. ఇది ఊహ కాదనీ, నొప్పి నిజం నొప్పేననీ, మందుకన్నా ముందు తిండి చూడాలనీ అంది. ఏది ఎవరికి పడదో మనిషిని బట్టి మారుతుందట. మూడు వారాలు తిన్నదల్లా, తర్వాత కడుపు ఎలా ఉందో రాసుకుని రమ్మంది.

కోడలికి రాయడం కొత్త కాదు. క్రేను పుస్తకంలో ఎత్తిన ప్రతి బరువూ, వేళా, గాలి వేగమూ రాస్తుంది. అదే పద్ధతిలో గళ్ళు గీసి తిండి పుస్తకం మొదలెట్టింది. వేళ, ఏం తిన్నది, ఎంత, రెండు గంటల తర్వాత, మర్నాడు పొద్దున. ఒక్క గడి ఖాళీ లేదు. నా పదహారుమంది శిష్యుల్లో ఒక్కడు కూడా అంత శుభ్రంగా లెక్క రాయలేదు.

మూడు వారాల తర్వాత డాక్టరమ్మ ఆ పుస్తకాన్ని నిదానంగా చదివింది. ఉల్లిపాయ, చిక్కుడు గింజలు, గోధుమ రొట్టె దగ్గర చిన్న గీతలు పెట్టింది. తర్వాత వేలు ఒకేచోట కిందికి జార్చుకుంటూ పోయింది. ప్రతి సాయంత్రం ఒక పెద్ద కప్పు పెరుగు. ప్రతి పొద్దునా నొప్పి. నేను ఊళ్ళో లేక పెరుగు లేని మూడు రోజులు మాత్రం ఆ గడిలో ‘బాగుంది’ అని ఉంది.

పెరుగు ఎవరు తోడుపెడతారని అడిగింది. నేనేనన్నాను. నా పద్ధతి అంతా చెప్పాను. పాలు మూడోవంతు ఇగిరేదాకా కాచడం, చిక్కదనానికి రెండు గరిటెల పాలపొడి కలపడం, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేయడం, పులుపు తిరగకముందే, తోడేసిన సరిగ్గా నాలుగు గంటలకు ఫ్రిజ్జులో పెట్టేయడం. ఆ తీపి ఇంకెవరికీ రాదని కూడా చెప్పాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

“తాతగారూ, ఈమెకు పడనిది ఆ తీపే.”

పాలలో ఒక రకం చక్కెర ఉంటుందట. ఈమె పేగు దాన్ని అరిగించుకోలేకపోతోంది. తోడు పనిచేసినకొద్దీ ఆ చక్కెర తగ్గుతుంది. నేను దాన్ని పనిచేయనివ్వకుండా నాలుగు గంటలకే ఆపేస్తున్నాను. పైగా పాలపొడి రూపంలో ఇంకొంత చక్కెర పోస్తున్నాను. అందరికీ ఇలా కాదు, ఈమెకు ఇలా, అంది డాక్టరమ్మ. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఈ పట్నంలో సగం మందికి పెట్టిన పెరుగు. పరాయివాళ్ళంతా తిని మెచ్చుకున్నారు, నా ఇంటి పిల్లను మాత్రం రోజూ చీకటితోనే లేపి ఏడిపించింది.

బయటికొచ్చాక వరండాలో అడిగాను. నీకు తెలుసా అని.

“అనుమానం ఉండేది మామయ్యా.”

“మరి నోరెందుకు విప్పలేదమ్మాయ్?”

“కప్పు నా ముందు పెట్టి, మొదటి చెంచా మింగేదాకా అక్కడే నిలబడేవారు. ఎలా ఉంది అని అడిగేవారు. ఏం చెప్పమంటారు?”

తిట్టినా ఇంత తగిలేది కాదు.

పెరుగు పూర్తిగా మానేయొచ్చు. కానీ డాక్టరమ్మ ఇంకో దారి కూడా చెప్పింది. పాలపొడి లేకుండా, ఒక పగలూ ఒక రాత్రీ నిండుగా తోడుకోనిచ్చిన పెరుగు ఒక్క చెంచాతో మొదలుపెట్టి చూడమంది, పడితే పెంచమంది, పడకపోతే వదిలేయమంది. ఆ పని నేను చేస్తానన్నాను. థర్మోకోల్ పెట్టెలో గిన్నె పెట్టి, చుట్టూ వేడినీళ్ళ సీసాలు పేర్చి, చల్లారినప్పుడల్లా మార్చాలి. వినడానికి ఎంత తేలిక! మొదటిసారి నాలుగో గంటకే నా చెయ్యి దానంతటది వెళ్ళి గిన్నె తీసి ఫ్రిజ్జులో పెట్టేసింది. నలభై ఏళ్ళ అలవాటు మరి. రెండోసారి నీళ్ళు మరీ వేడెక్కి తోడు చచ్చిపోయింది, పాలు పాలుగానే ఉన్నాయి. పదహారుమందికి పని నేర్పినవాణ్ణి, పాలు తోడుపెట్టలేక వంటింట్లో చెమటలు కక్కాను. కోడలు తలుపు దగ్గర నిలబడి, క్రేను నేర్చుకోవడం దీనికంటే సులువు మామయ్యా, అంది.

మూడోసారి కుదిరింది. పల్చగా, పైన పచ్చని నీరు తేలి, ముక్కుపుటాలు అదిరేంత పుల్లగా. అలాంటి పెరుగు మా దుకాణంలో వస్తే నేనే పారబోయించేవాణ్ణి. ఆమె ఒక్క చెంచా తింది. నేను పక్కగదిలో ఉన్నాను. మర్నాడు పొద్దున స్నానాలగది తలుపు పది నిమిషాలకే తెరుచుకుంది. నేను గడియారం వంక చూశాను, చెడిపోయిందనుకున్నాను.

అయినా సాఫీగా ఏమీ జరగలేదు. వారం తిరిగేసరికి రెండు చెంచాలయ్యాయి, నెల తిరిగేసరికి చిన్న కప్పయింది. ఉల్లిపాయ, చిక్కుడు, గోధుమ మా వంటింట్లోంచి వెళ్ళిపోయాయి. అన్నం, ఉడికించిన క్యారెట్టు, బంగాళదుంప, గుడ్డు మిగిలాయి. వేళకు కొంచెం కొంచెంగా తినడం నేర్చుకుంది. మధ్యలో తోటి ఆపరేటరు కూతురి పుట్టినరోజు కేకు తిని రెండు రోజులు మంచం పట్టింది. పుస్తకంలో అది కూడా రాసింది: ‘కేకు, ఒక ముక్క, తప్పు నాదే.’

అప్పుడొచ్చింది దూలాల రోజు. కొత్త భవనం పైకప్పుకు పదకొండు ఇనప దూలాలు ఒకే రోజు ఎక్కించాలి. ఒక్కోటి పైన బోల్టులు బిగించేదాకా అరగంట అలా పట్టుకునే ఉండాలి. ఐదారు గంటలపాటు ఆపరేటరు కదలడానికి లేదు. ఈ పని ఆమెకు ఇవ్వాలా, ఇంకొకరికిచ్చి క్రేనే అప్పగించేయాలా అని ఆఫీసరు ఊగిసలాడాడట. ఆమె వెళ్ళి, నేను చేస్తాను, నావల్ల ఆగిపోతే స్టోర్సుకు నేనే పోతాను, అని చెప్పి వచ్చింది. ఇంట్లో ఈ మాట మామూలుగా, చెప్పులు విప్పుకుంటూ చెప్పింది.

ఆ రోజు నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ఈల చేతిలోని రేడియోలో ఆమె గొంతు వినిపిస్తోంది. ఎడమకు, ఇంకొంచెం, చాలు. ఏడు దూలాలు ఎక్కాయి. ఎనిమిదోది గాల్లో సగం దూరంలో ఉండగా రేడియోలో, “ఆగండి, అందరూ ఆగండి,” అంది. అంతే. ఇంక మాట లేదు.

కింద అందరూ తలెత్తి చూస్తున్నారు. ఆఫీసరు మెల్లగా ఈల దగ్గరికి నడిచాడు. దూలం గాల్లో వేలాడుతోంది. దాన్ని వదిలి ఆమె దిగి వచ్చే వీల్లేదు, నొప్పయితే ఉండే వీలూ లేదు. పొద్దున ఏం తింది, నిన్న ఏం తింది, నేను గిన్నె ఎప్పుడు తీశాను, అన్నీ నా తలలో గిర్రున తిరిగాయి. నావల్లే మళ్ళీ అనుకున్నాను.

నాలుగు నిమిషాల తర్వాత రేడియో గరగరమంది.

“పైన గాలి ఎక్కువగా ఉండింది. తగ్గింది. కానివ్వండి.”

నేను ఇసుక కుప్ప మీద కూలబడ్డాను.

పదకొండో దూలం బిగిశాక ఆమె నిచ్చెన దిగింది. రెండువందల పన్నెండు మెట్లూ ఒక్కొక్కటే. ఆఫీసరు ఆమె క్రేను పుస్తకంలో సంతకం చేసి, రేపు కూడా ఇదే వేళకు రమ్మన్నాడు. క్రేను ఆమెదేనని అందరికీ అర్థమైంది.

ఆమె నేరుగా నా దగ్గరికొచ్చింది. హెల్మెట్టయినా తీయలేదు.

“మామయ్యా, ఆకలేస్తోంది. ఏమైనా తెచ్చారా?”

మా ఇంటికొచ్చిన ఆరేళ్ళలో ఆమె నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. పెడితే తినేది, అడిగేది కాదు. చేతిలో డబ్బా ఉందన్న సంగతి కూడా మరిచి అలాగే నిలబడిపోయాను. ఆమే నా చేతిలోంచి తీసుకుని, సిమెంటు దిమ్మ మీద కూర్చుని మూత తీసింది.

ఇంటికి ముప్పావుగంట బస్సు ప్రయాణం. దారిలో ఆగే చోటు లేదు. బస్సెక్కే ముందు మంచినీళ్ళు తాగడానికి కూడా భయపడే మనిషి ఆమె. అది గుర్తొచ్చి, ఇంకా బస్సెక్కాలి కదమ్మాయ్ అన్నాను.

“ఎక్కుదాం లెండి,” అంది గుడ్డు ఒలుచుకుంటూ.