పద్నాలుగు కోసం వెతికితే నూట పద్నాలుగు

నన్ను పెద్దమ్మా అని పిలిచే పిల్ల ఒకతె, మా పాత పక్కింటి పిన్నికి మనవరాలు, ఇవాళ నెహ్రూ నగర్‌లోని మా ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంది. చిరునామాలో కొంత ముక్క కలిస్తే చాలని రెండు డేటా టేబుళ్లను జోడించిందట, వందల్లో రావలసిన వరసలు వేలల్లో వచ్చిపడ్డాయట. నాకు నవ్వాగలేదు. అచ్ఛా, ఈ తెగులు ఇంకా వదల్లేదన్నమాట!

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మా ఊరి వ్యాపార్ విహార్ గోదాముల మధ్య ఒక చిన్న కంప్యూటర్ సంస్థలో పనిచేసేదాన్ని. రిటైరైనవాళ్లు సర్కారు క్వార్టర్ ఖాళీ చేయాలన్న నోటీసులు అచ్చువేసే పని మాకు దొరికింది. రిటైరైనవాళ్ల టేబుల్‌లో క్వార్టర్ నంబరు విడిగా ఉండేది. కాపురమున్నవాళ్ల టేబుల్‌లో మాత్రం కాలనీ పేరూ, నంబరూ, వీధీ అన్నీ ఒకే గడిలో కలిసి ఉండేవి. ఆ గడిలో నంబరు ఎక్కడ కనిపించినా సరే, కలిపెయ్యమని మా పెద్దసారు క్వెరీ రాసేశారు.

రెండు రోజులకల్లా పిన్ని నోటీసు పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. బాబాయి ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు, కూతురేమో తొలి పురిటికి వచ్చి ఉంది. నిండు నెలల్లో ఇల్లు మారడం మా వైపు ఎవరూ చెయ్యరు. "ఏటే అమ్మీ ఇది? నిండు చూలాలిని అట్టుకుని ఎక్కడికెల్లమంటారే?" అని ఆవిడ ఏడుస్తుంటే నోటీసు అందుకుని నంబరు చూశాను.

పిన్నివాళ్లది నూట పద్నాలుగు, రిటైరైంది పద్నాలుగువాళ్లు. నూట పద్నాలుగు అంకెల్లో పద్నాలుగు ఉంది కదా, ఆ క్వెరీ రెండిళ్లనీ ఒకటే చేసేసింది! పెద్దసారు వింటేనా, మెషీన్ తప్పు చెయ్యదని ఒకటే పట్టు. రెండువందల పద్నాలుగులో ఉన్న ఆయన అత్తవారికీ నోటీసు అందిన సాయంత్రం మాత్రం తనే కుర్చీ జరిపి మెషీన్ ముందు నన్ను కూర్చోబెట్టారు. నంబరుకి ముందు ఖాళీ, వెనక కామా ఉంటేనే కలపమని రాశాను. పిన్ని నోటీసు రద్దయింది, ఆ వారంలోనే పుట్టిన పిల్లను ఎత్తుకుని కూతురు ఆసుపత్రి నుంచి ఆ ఇంటికే వచ్చింది.

ఆ పిల్లే ఈ పిల్ల. నేను చెప్పినట్టు రాసి, వరసలు సరిపోగానే, నీకెలా తెలుసు పెద్దమ్మా అని అడిగింది. ఈ తప్పు నువ్వు పుట్టకముందే మీ తలుపు తట్టిందమ్మా అన్నాను.

ఆ క్వార్టర్ల వరస పడగొట్టి ఎత్తైన భవనాలు కట్టారు. ఇప్పుడు నూట పద్నాలుగు కోసం వెతికితే ఒక్క వరసా రాదు. నోటీసులు ఫోన్లలోకే వస్తున్నాయి, కాగితం పట్టుకుని పక్కింటికి పరుగెత్తేవాళ్లూ లేరు. ఇదిగో మీ అమ్మ పుట్టిల్లని చూపించడానికి గుమ్మం మిగల్లేదు గానీ, ఆ పిల్ల నా ఎదుట కూర్చుని జంతికలు నములుతోంది. నాకదే చాలు.