వృత్తి గడిలో రాసిన మాట

మొన్న పదో తరగతిలో ఒక పిల్ల లేచి, "మేడం, ప్రాస్టిట్యూషన్ అంటే ఏంది?" అని అడిగింది. పేపర్లో చూసిందట. వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. "కూసో, రేపు చెప్త" అన్నాను. ఇంగ్లీషు చెప్పీ చెప్పీ గొంతు అరిగిన దాన్ని, ఇరవయ్యేళ్ల సర్వీసున్న దాన్ని, ఒక్క మాటకు అర్థం చెప్పడానికి రేపటిదాకా గడువు అడిగాను. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాను. అర్థం తెలియక కాదు. ఆ మాటను ఒకసారి వాడినదాన్ని గనుక.

తెలంగాణ వచ్చిన కొత్తలో జోగినుల మీద ఇంగ్లీషు పుస్తకం వేస్తామని హైదరాబాదు నుంచి కొందరు మా మహబూబ్‌నగర్‌కు వచ్చారు. ఆ ఆడవాళ్లు చెప్పింది విని రాసిపెట్టేవాళ్లు కావాలన్నారు. బడిలో అందరూ నన్నే చూపించారు. నా ఇంగ్లీషు మీద నాకూ బడాయి తక్కువేం కాదు. కరెంటాఫీసుకు అర్జీ రాసినా అందులో ఒక పెద్ద మాట ఇరికిస్తే తప్ప నాకు తృప్తి ఉండేది కాదు.

అలా నేను విని రాయాల్సిన ఆడవాళ్లలో మా పెద్దమ్మ ఉంది. సొంత పెద్దమ్మ కాదు, మా అమ్మతో కలిసి పెరిగిన మనిషి. ఊళ్లోవాళ్లు ఆమెను చిన్నప్పుడే ఎల్లమ్మకిచ్చి జోగినిని చేశారు. ఇక పెళ్లి లేదు, జాతరలో అందరి ముందూ ఆడాలి, పెరిగాక ఊరి పెద్దలు ఏమన్నా కాదనకూడదు. బిడ్డ పుట్టాక ఒకనాడు గజ్జెలు విప్పి గుడి అరుగు మీద పెట్టి, "ఇగ నాతోని కాదు" అని పత్తిచేనుకు నడిచింది. ఆనాటినుంచీ కూలి చేసుకునే బతికింది. ఇదంతా చెబుతూ పల్లికాయలు ఒలిచి నా చేతిలో పెడుతూనే ఉంది. నేను నములుతూ రాస్తూనే ఉన్నాను.

వాళ్లిచ్చిన ఫారంలో 'వృత్తి' అని ఒక గడి. జోగిని అని రాశాను. పుస్తకం వేసే ఆయన చూసి, "ఢిల్లీవాళ్లకు ఈ మాట తెలవదు మేడం, ఇంగ్లీషులో ఒక్క ముక్కలో రాయండి" అన్నాడు. కొట్టేసి ఆ ఒక్క ముక్కా రాశాను. స్పెల్లింగు మాత్రం ఎక్కడా తప్పలేదు. "మీ ఇంగ్లీషు మస్తుంది మేడం" అన్నాడాయన. సిగ్గులేకుండా సంబరపడ్డాను.

"ఏం రాశినవ్ బిడ్డా?" అని అడిగింది పెద్దమ్మ.

"నీ కష్టం రాసిన పెద్దమ్మా."

"గట్లయితే మంచిదే. మా పిల్లకు ఇంగ్లీషొస్తది, సదువుకుంటది."

పుస్తకం వచ్చింది. పెద్దమ్మ ఫొటో, కింద ఆమె పేరు, పేరు పక్కన నేను రాసిన మాట. దాన్ని పెట్టెలో చీర మడతల మధ్య దాచుకుని, వచ్చినవాళ్లకల్లా తీసి చూపించింది. నర్సు చదువు చదువుతున్న కూతురు సెలవులకొస్తే ఆమెకూ చూపించింది.

మర్నాడు ఆ పిల్ల పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"అక్కా, మా అమ్మ పత్తి ఏరుతది. గా పని చేసేటోళ్లను ఇంగ్లీషుల ఏమంటరు?"

"అగ్రికల్చరల్ లేబరర్" అన్నాను.

"మరి గది నీకు అప్పుడు యాదికి రాలేదా?"

ఆ పిల్ల నా బల్ల మీది పెన్ను తీసుకుని, అచ్చయిన మాట కనబడకుండా రుద్ది, "అమ్మకు చెప్పకు" అని వెళ్లిపోయింది. మిగతా పుస్తకాలు ఏ ఊళ్లో ఏ బీరువాల్లో ఉన్నాయో నాకు తెలియదు. మాట మార్చమని వాళ్లకు ఉత్తరాలు రాశాను, మంచి ఇంగ్లీషులోనే. జవాబు లేదు.

తర్వాతెప్పుడో నిఘంటువు తీశాను. ఆ మాటకు లాటిన్ మూలంలో అర్థం నలుగురి ముందు నిలబెట్టడమట. పెద్దమ్మను మొదట ఊరు నిలబెట్టింది, తర్వాత నేను. చేతిలోని విద్యను తగని పనికి అప్పగించడాన్ని కూడా ఇంగ్లీషువాళ్లు ఆ మాటతోనే చెబుతారట. ఆ రెండో అర్థం మాత్రం అచ్చంగా నాదే.

మొన్న అడిగిన పిల్లకు అన్నట్టే మర్నాడు తరగతిలో రెండర్థాలూ చెప్పాను. "కానీ మనిషి పేరు పక్కన రాసేటప్పుడు ముందు ఆ మనిషిని అడగాలె" అన్నాను. ఆ పిల్ల నోటుబుక్కులో ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో చూసే ఓపిక నాకు లేకపోయింది.

పెద్దమ్మకిప్పుడు మోకాళ్ల నొప్పులు, పత్తికి పోవడం లేదు. వెళ్లినప్పుడల్లా పుస్తకం తీసి నా ఒళ్లో పెడుతుంది. ఏటేటా పెన్ను గీతలు వెలిసి, కింది అచ్చక్షరాలు బయటపడుతున్నాయి. ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే మళ్లీ పెన్నుతో రుద్దుతుంటాను. మొన్న ఆదివారం చూసేసింది.

"ఏం దిద్దుతున్నవ్ బిడ్డా?"

"అప్పుడు తప్పు రాసిన పెద్దమ్మా."

"పోనియ్ తియ్. ఇంగ్లీషు అందరికి యాడొస్తది!" అని నా వీపు నిమిరింది.

ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఆ పేజీ మీద కాలం నా తప్పును ముట్టుకోకుండా దిద్దుబాటునే చెరుపుతూ వస్తోంది.