నంద్యాలలో నా తూర్పు

మనిషి మెదడులో ఊళ్ల పటం ఉంటుందని ఈ మధ్య పుస్తకాల్లో కొత్త సంగతి మాదిరి రాస్తాండారు. నేను అయిదో తరగతితో బడి మానేసినోణ్ని. ఆ పటం ఉందని మాత్రమే కాదు, అది తిరగబడితే ఏమైతుందో కూడా డెబ్బైల్లోనే నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు, అంతే.

మావి దిక్కులతో బతికే ఇండ్లు. మంచం దక్షిణానికి జరుపమంటాం. విస్తట్లో పచ్చడి కూడా ఉత్తరం పక్కనే వడ్డించమంటాం. అట్లాంటి నన్ను, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే మా మేస్త్రీ, నంద్యాలలో ఒక ఇంటి ముందర వినాయకుణ్ని కూర్చోబెట్టి రమ్మన్నాడు. తూర్పు ముఖం. తేడా వస్తే మళ్లీ ఉలి ముట్టొద్దన్నాడు.

విగ్రహం లారీలో ముందే పోయింది. నేను బస్సెక్కి నిద్రపోయినా. నిద్రలో ఉండంగానే బస్సు స్టాండులోకి పోయి ఎనక్కు తిరిగి నిలబడింది. నా తలకాయలోని పటం మాత్రం తిరగలేదు. దిగినప్పుడు ఏ తేడా తెలియలేదు, అదే తంటా. మూడు దినాల నుంచి ముసురు, పొద్దు జాడ లేదు.

నలుగురితో విగ్రహం తిప్పిస్తాంటే ఇంటాయన తల్లి అడ్డం వచ్చింది. తూర్పు ఆ పక్క కాదనింది. కాపురానికొచ్చిన కాడ్నుంచి ఈ గడపలోనే ఎండ చూస్తాండానని చెప్పింది.

"అవ్వా, నువ్వు పొద్దెక్కినాక లేస్తాండావేమో" అన్నా.

కొడుకు ఆళ్లగడ్డ పనోడి మాటే నమ్మినాడు. వినాయకుడు నేరుగా వాళ్ల వంటింట్లోకి చూసుకుంటా కూర్చున్నాడు.

మరుసటి దినం ప్రతిష్ఠ. ముసురు విడిచింది. పొద్దు సరిగ్గా దేవుని వీపు ఎనకాల పొడిచింది. పంతులు మంత్రం ఆపి నా వైపు చూసినాడు. ఆ పొద్దు పొడిచిన పక్కే సరిగా లేదు సామీ అన్నా. నిజంగానే అన్నా. నా కండ్లకు అది పడమర.

"నువ్వు పోయి దానికి చెప్పి రాప్పా. మేము ఈడే కూచోనుంటాం" అనింది అవ్వ.

ముహూర్తం దాటకముందే దేవుణ్ని తిప్పినారు. నన్ను చెయ్యి వేయనీలేదు.

ఆళ్లగడ్డ చేరేసరికి మేస్త్రీకి కబురు ముందే అందింది. నేను ఉలి తీసి ఆయన ముందర పెట్టినా. ఆయన నేను సగం చెక్కిన తొండాన్ని చేత్తో తడిమి చూసినాడు.

"చేతిలో తప్పు లేదురా. చెక్కు. నంద్యాల మాత్రం తొక్కొద్దు."

అట్ల ఎనభైలు దాటేదాకా నేను చెక్కిన దేవుళ్లే నంద్యాలకు పోయినారు. నేను లారీకి ఎక్కించి, తాళ్లు బిగించి, ఎనక్కు వచ్చేవాణ్ని.