మట్టయ్య చెవి

శ్రీరామమూర్తితో తగువుపడి మట్టయ్య గెలవడం పెంటమ్మ కళ్లారా చూసింది. ఎల్బీనగర్‌లో మట్టయ్య కార్ల రిపేరు షెడ్డు, ఆమె చాయ్ బండి పక్కపక్కనే.

"షోరూమ్‌లో ఇంజన్ మొత్తం విప్పాలన్నారయ్యా. టైమింగ్ చైన్ టెన్షనర్ ఒక్కటి మారిస్తే చాలని నువ్వెలా చెబుతావ్?" అని వనస్థలిపురం నుంచి వచ్చిన ఆ రిటైర్డ్ ఇంజనీరు గదమాయించాడు.

"ఆళ్లు కంప్యూటర్ల జూసి చెప్తరు సార్. నేను ఇని చెప్తున్న."

మట్టయ్య పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని ఆయన చెవికి పెట్టాడు. లోపల వదులైన గొలుసు గలగలలాడుతుంటే పెద్దాయన మీసాలు కిందికి దిగాయి. గొలుసును బిగువుగా పట్టి ఉంచే ఆ టెన్షనర్ మారింది, చప్పుడు పోయింది. ఆ రోజు నుంచి మట్టయ్య నేల మీద నడవలేదు. ఆ కథ చెప్పకుండా చాయ్ తాగలేదు. ఏడాది తిరిగేసరికి కథలో శ్రీరామమూర్తి అతని కాళ్ల మీద కూడా పడ్డాడు.

మొన్న దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే భావన కారు తెచ్చింది. ఇంజన్ గలగలమంటోందని ఆమే చెప్పింది. అదే జబ్బు. సాయంత్రానికి కొత్త టెన్షనర్ వేసి మూత బిగించాడు. మర్నాడు పొద్దున్నే స్టార్ట్ చేసి, బొజ్జ నిమురుకుంటూ, "ఇన్నవా అక్కా? పిల్లి నడిచినట్టున్నది" అన్నాడు.

పెంటమ్మకు మాత్రం బకెట్లో స్టీలు గ్లాసులు దొర్లించినట్టు వినిపించింది.

"బంద్ చెయ్. గలగలమంటున్నది."

"మంచిగున్నది గదా" అన్నాడు, ఆమె పెదాలనే చూస్తూ.

అనుమానమొచ్చి ఆమె అతని వెనక్కి వెళ్లి, "నీ గీరకు అగ్గిబెట్ట" అంది. మాటకు పది అప్పజెప్పే మనిషి ఉలకలేదు, పలకలేదు. పెంటమ్మే చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది.

గొణుక్కుంటూ మూత విప్పాడు. కొత్త టెన్షనర్‌ను ముడిచి ఉంచే చిన్న పిన్ను, బిగించగానే పీకాల్సింది, అలాగే ఉంది. ఇంకాసేపు తిరిగితే గొలుసు పళ్లు తప్పి భావన ఇంజన్ పాత ఇనుప సామాను అయ్యేది.

పెంటమ్మ ఎదురుగా నిలబడి అడిగింది. "ఎప్పటి సంది ఇనొస్తలేదు?"

"బోనాలప్పటి సంది."

"దవాఖానకు పోయి చెవుల మిషన్ పెట్టుకోరాదు?"

"మిషన్ పెట్టుకున్నోనికి బండి ఎవడిస్తడక్కా?"

పిన్ను పీకి జేబులో వేసుకున్నాడు. అటూ ఇటూ చూసి, గుసగుస అనుకుని, సందు చివరిదాకా వినిపించేలా అడిగాడు.

"గిది మనిద్దరి నడుమనే ఉండాలె అక్కా. నేను బండి స్టార్ట్ చేసినప్పుడు జర గ్లాసులు కడుగుడు ఆపి ఇను. సప్పుడొస్తే కొంగు దులుపు."