ఒక్క లారీలో పట్టినంత

ప్లాసిదా పుట్టక ముందే లా పాల్మా దీవిలో అగ్నిపర్వతం ఒకసారి వాళ్ల నాన్న పొలాన్ని మింగింది. ఆయన చల్లారిన లావాను మందు పెట్టి పేల్చి, కొండ మీది నుంచి ఎర్రమట్టి లారీల్లో తెచ్చి పరిచి, మళ్లీ అరటి వేశాడు. ఆ పేలుళ్లలో రెండు వేళ్లు పోయాయి. మిగిలిన వేళ్లతోనే కూతురికి కత్తి పట్టడం నేర్పాడు. తల్లిచెట్టుకు ఒక్క పిలకే ఉంచాలి, మిగతావాటిని మొదలంటా నరకాలి. చెయ్యి వణికితే చెంప పగిలేది.

ఆమెకు అరవై రెండేళ్లప్పుడు కొండ మళ్లీ బద్దలైంది. లావా పొలం గట్టు దాకా వచ్చిన రోజున పోలీసులు ఒక గంట గడువిచ్చారు. ఒక్క లారీకే అనుమతి.

తమ్ముడి పేరు ఎవరిస్తో. అతను గెలలు నరుకుతున్నాడు. ప్లాసిదా గునపంతో పిలకలు పెకలిస్తోంది, వేర్లకు అంటిన, నాన్న తెచ్చిన మట్టి ముద్దలతో సహా.

"పిచ్చా అక్కా నీకు? పిలకల్ని కూర వండుకుంటావా? గెలలెక్కించు."

"బూడిద కడక్కుండా గెలలు కట్టకురా. అదంతా గాజుపొడి. తొక్క గీరేస్తుంది."

"నీళ్లేవీ? గొట్టాలు కాలిపోయాయిగా. దుప్పట్లు చుడతాలే."

"చుట్టు. గరుకు కాగితం చుట్టినట్టే."

ఎవరిస్తో లారీ ఎక్కి ఆమె పిలకల్ని కిందికి తన్నాడు. ఆమె ఎక్కి గునపం మొద్దు కొసతో అతని ముఖాన కొట్టింది. పెదవి చీలింది. అతను రెండు చేతులతో తోసేశాడు. కిందున్న పాత లావా రాళ్ల మీద పడి ఆమె కుడిచెయ్యి విరిగింది. కొండ హోరులో ఆ చప్పుడు ఎవరికీ వినిపించలేదు. గట్టవతలి చెట్లు ఒక్కొక్కటే భగ్గుమంటున్నాయి.

ఆమె లేచి ఎడమచేత్తో పిలకల్ని ఒక్కొక్కటిగా లారీలోకి విసిరింది. ఈసారి అతను తన్నలేదు.

సాయంత్రానికి పొలం లావా కింద ఉంది. గెలలు కట్టే షెడ్డులో దుప్పట్లు విప్పితే కాయలన్నీ గోళ్లతో రక్కినట్టు నల్లటి చారలు. అన్నీ మేకలకు పోయాయి.

వారం తర్వాత, దీవి ఉత్తరాన పినతండ్రి కొడుకు ఇచ్చిన పొలం చెక్కలో ప్లాసిదా కుడిచేతికి కట్టుతో, ఎడమచేత్తో పిలకలకు గుంటలు తవ్వుతోంది. వాచిన పెదవితో ఎవరిస్తో వచ్చి నిలబడ్డాడు. ఆమె తలెత్తకుండానే గునపం అతనివైపు నెట్టింది.

"లోతుగా దించు. తొయ్యడం బాగానే వచ్చుగా నీకు."