అత్తమ్మతో భోపాల్ సదస్సుకు

గోదావరిఖనిలో బొగ్గు కార్మికుల క్వార్టర్ల మధ్య ఉన్న బడిలో నేను జీవశాస్త్రం చెబుతాను. శనివారం చివరి పీరియడులో పెద్ద తరగతుల ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని నెలసరి గురించి, ఒంట్లో వచ్చే మార్పుల గురించి, ఎవరైనా చెయ్యి వేస్తే ఏం చెయ్యాలో మాట్లాడతాను. ఈ సంగతి కాలనీలో పాకింది. ఇద్దరు తల్లులు ఫిర్యాదు పట్టుకుని వచ్చారు. హెడ్మాస్టరు దగ్గరికి కాదు, మా అత్తమ్మ దగ్గరికి. మా లైనులో ఏ పంచాయితీ అయినా తెగేది ఆమె దగ్గరే.

అదే వారం నాకు భోపాల్ నుంచి పిలుపు వచ్చింది. లైంగిక విద్య చెప్పే టీచర్లకు సదస్సు. మా ఆయన సెకండ్ షిఫ్టు వదిలి రాలేనన్నాడు.

"నేనొస్త," అంది అత్తమ్మ. "ఏం చెప్తున్నరో, ఏం నేర్పుతున్నరో నా కండ్లతోని సూస్త. మంచిగుంటె నడుపుకో. లేకుంటె గా క్లాసు బంద్."

ఆమె బంద్ అంటే కాలనీలో ఒక్క తల్లి కూడా పిల్లను నా ముందు కూర్చోబెట్టదు.

రామగుండంలో రైలెక్కాం. భోపాల్లో మాకు దారీ తెన్నూ తెలియదు. ఆటోవాడు మమ్మల్ని తీసుకెళ్లి ఎవరిదో పెళ్లి జరుగుతున్న హోటల్ ముందు దింపాడు. ఎట్లాగూ వచ్చాం కదా, టిఫిను చేసి పోదామంది అత్తమ్మ. చెయ్యి పట్టి లాక్కొచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

సదస్సులో ఆమె మెడలో కూడా డెలిగేటు కార్డు వేశారు. దాన్ని కొంగు చాటున పడనివ్వకుండా, అందరికీ కనిపించేటట్టు సర్దుకుంది. హాలు బయట వరసగా స్టాళ్లు, బట్టతో కుట్టిన గర్భసంచి బొమ్మలు, ఇంకా చెప్పలేని బొమ్మలు. అటు చూడనివ్వకూడదని ఆమెను ఒక మూల కూర్చోబెట్టి టీకి వెళ్లాను. వచ్చేసరికి కుర్చీ ఖాళీ. ఒక స్టాలు దగ్గర నిలబడి చిన్న చిన్న ప్యాకెట్లు గుప్పిళ్లతో సంచిలో వేసుకుంటోంది.

"షాంపూలు ఫిరీగ ఇస్తున్నరు. నువ్వు గూడ తీస్కో."

అవి కండోములు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. స్టాలు అమ్మాయి నవ్వు ఆపుకుంటూ ఒకటి చింపి చేతిలో పెట్టింది. అత్తమ్మ దాన్ని సాగదీసి, వెలుగులో పెట్టి చూసింది.

"ఇవా? మా కాలంల దవాఖాన సిస్టరు ఇంటింటికి తెచ్చిచ్చేది. పోరగాండ్లు బెలూన్ల లెక్క ఊదుకొని ఆడేటోళ్లు," అంది. సంచిలోవి మాత్రం తిరిగి పెట్టలేదు. సిగ్గుతో చచ్చింది నేనే.

మధ్యాహ్నం ఒక డాక్టరమ్మ హిందీలో అడిగింది, ఈ విషయాలు మీకు మొట్టమొదట ఎవరు చెప్పారని. హాల్లో ఒక్క చెయ్యి లేవలేదు. నేనూ పెన్ను మూత తిప్పుతూ కూర్చున్నాను. పక్కన అత్తమ్మ లేచింది. కాలనీలో ఉండీ ఉండీ ఆమెకు హిందీ అర్థమవుతుంది కానీ మాట్లాడదు. నన్ను కూడా లేపి, తన మాటలు హిందీలో చెప్పమంది.

"మా ఆయన నౌకరికి ఎక్కినప్పుడు బొగ్గు బాయిల దింపకముందు ట్రైనింగ్ ఇచ్చిన్రు. టోపి ఎట్ల పెట్టుకోవాలె, లైటు ఎట్ల పట్టుకోవాలె, పైకప్పు ఎట్ల సూసుకోవాలె, అన్ని నేర్పినంకనే దింపిన్రు. నాకు పెండ్లి చేసి పంపినప్పుడు ఒక్కలు ఒక్క ముక్క చెప్పలే. మా అవ్వ బొట్టు పెట్టి, నెత్తి నిమిరి పంపింది. గంతే."

బొగ్గు బాయి వరకు నా హిందీ బాగానే నడిచింది. పెళ్లి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ఇన్నేళ్లుగా ఇద్దరం ఒకే వంటింట్లో తిరుగుతున్నాం. పప్పులో ఉప్పు దగ్గర్నుంచి అన్నిటికీ పోట్లాడుకున్నాం. ఈ మాట నేను వినడం ఇదే మొదలు. ఏడుపొచ్చింది, ఏడ్చాను, ఏడుస్తూనే చెప్పాను. చప్పట్లు మోగుతుంటే అత్తమ్మ కూర్చుని, అంత ఏసీలోనూ నా ఫైలుతో విసురుకుంది.

తిరుగు రైల్లో నాగపూర్ దాటినా తీర్పు రాలేదు. ఎదుటి బెర్తు వాళ్ల కుటుంబ చరిత్ర అంతా కనుక్కుంటోంది కానీ నా సంగతి ఎత్తదు. చివరికి నేనే అడిగాను.

"క్లాసు ఉంటదా అత్తమ్మా, బందేనా?"

"ఇప్పుడు నడుపుతున్నట్టు అయితె బందే," అంది. నా ముఖం చూసి మళ్లీ అంది, "ఆడపిల్లలకే ఎందుకు చెప్తున్నవ్? మొగపోరగాండ్లను గూడ కూసోబెట్టు."

"మొగపిల్లలనా? కాలనీల ఊకుంటరా?"

"వాళ్లతోని నేను మాట్లాడ్త."

కిటికీ షట్టరు దించి నా వైపు తిరిగింది.

"మీ మామ మంచోడే బిడ్డా. నన్ను ఏడిపియ్యాలని ఆయనకు లేకుండె. ఆయనకు గూడ ఎవలు చెప్పలే."