నూనెలో నానిన అచ్చు

మొన్న క్రిస్మస్ ముందు రోజు మా అక్కకు ఫోన్‌లో చీర ఎంచడానికి నాకు నాలుగు గంటలు పట్టింది. మాదన్నపేటలో ఆమె ఇంటికి వెళ్లి రావడానికి అందులో సగం చాలు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. తట్టినా ఏదో సాకు చెప్పుకునేవాణ్ణి. సాకులకు నా దగ్గర ఎప్పుడూ కొరత లేదు.

అమ్మ పోయాక, పండక్కి వేయించే గులాబీ పువ్వుల అచ్చు అక్క దగ్గరే ఉండిపోయింది. పొడుగాటి కాడకు బిగించిన ఇనుప పువ్వు అది. కాగే నూనెలో వేడి చేసి, బియ్యప్పిండి, గుడ్లు, కొబ్బరిపాలు కలిపిన జారు పిండిలో ముంచి, మళ్లీ నూనెలో పెట్టాలి. పువ్వు ఊడకపోతే పుల్లతో పొడిచి వదిలించాలి. వేరే ఇళ్లలో ఒక్కరే చేసుకుంటారేమో, మా ఇంట్లో మాత్రం అది ఇద్దరి పని. ఏటా పండగ ముందు రోజు మధ్యాహ్నం అక్క ముంచేది, నేను పొడిచేవాణ్ణి. చేతుల నిండా పిండీ నూనే కాబట్టి ఫోన్ ముట్టే వీలుండదు. ఏడాది కబుర్లన్నీ ఆ పొయ్యి దగ్గరే. తనకు పెళ్లి వద్దని అక్క మొదట నాతో అన్నదీ, ఉద్యోగం పోయిందని నేను ఏడ్చిందీ అక్కడే.

మొన్న ఆమె దానికి ఒక రోజు ముందే ఫోన్ చేసింది.

"తమ్మీ, రేపు ఎన్నింటికొస్తవ్?"

"ఈసారి అయితలేదక్కా, మస్తు పనుంది. నువ్వు గూడ తిప్పలు పడకు. పువ్వులు బేకరీ నుంచి నేనే పంపిస్త."

"సరే తీ, నీకెట్ల వీలైతే గట్ల," అంది అక్క.

పనేమీ లేదు, అబద్ధం. ఆ రోజు నాకు సెలవు. అంత దూరం ట్రాఫిక్‌లో పోవడానికి బద్ధకం, అంతే. పువ్వుల డబ్బా, చీర కలిపి డెలివరీ అబ్బాయితో పంపేసి, అందినట్టు ఫోన్‌లో ఫోటో రాగానే కాళ్లు చాపుకుని క్రికెట్ చూశాను.

క్రిస్మస్ నాడు చర్చి నుంచి మా అత్తగారింటికి భోజనానికి వెళ్తూ దారిలో అక్క ఇంటి ముందు ఆగాం. నా భార్యా పిల్లలు లోపలికి వచ్చి కేకు తిని, పలకరించి, మళ్లీ కార్లో కూర్చున్నారు. అక్క నేను పంపిన చీరే కట్టుకుంది. నేను ఉబ్బిపోయాను.

అంతలో పక్కింటి ఆంటీ వచ్చింది. అక్క పువ్వులు పంపిన పళ్లెంలో ఖర్జూరాలు పెట్టి తిరిగి తెచ్చింది.

"క్యా బాజీ, ఇస్ బార్ ఫూలాఁ దుకాన్ కే?"

దుకాణం సరుకని ఒక్క ముక్కకే పట్టేసింది.

"హౌ, మేరా భాయీ భేజా," తమ్ముడే పంపాడని నన్ను చూపిస్తూ అంది అక్క, గర్వంగానే. ఆంటీ వెళ్తూ వెళ్తూ అక్క భుజం మీద జారిన పైట సర్ది, పిన్ను పెట్టి పోయింది.

మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. గట్టు మీద గిన్నెలో నూనె, అందులో నానుతున్న అచ్చు. పిండి అంటుకోకుండా ముందే అలా నానబెడతాం. పక్కనే మూతపెట్టిన పిండి గిన్నె.

"ఇదేందక్కా?"

"నువ్వు రానన్నవ్ గని, ఏమో, వస్తవేమోనని కలిపి పెట్టిన."

"మరి నువ్వే చేసుకోకపోయినవా?"

"ఎట్ల చేస్త? మూడు నెల్ల సంది కుడి చెయ్యి పైకి లేస్తలేదు. చీర గూడ ఆంటీనే కట్టింది. ఈసారి నువ్వు ముంచుతవ్, నేను ఎడమ చేత్తోని పొడుస్త అనుకున్న."

"మూడు నెల్లా? ఫోన్ల చెప్పొద్దా?"

"పువ్వులు చేసేటప్పుడు చెప్దామనుకున్న."

నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. నాలుగు గంటలు చీరలు తిప్పిన మనిషిని, కట్టుకునే చెయ్యి ఎలా ఉందో అడగలేదు. "ఇప్పుడు చేద్దామక్కా," అని పొయ్యి వెలిగించాను. అక్క గిన్నె మూత తీసి వాసన చూసింది.

"పులిసింది తమ్మీ."

బయట హారన్ మోగింది. అక్క పొయ్యి కట్టేసి, మిగిలిన బేకరీ పువ్వుల డబ్బా ఎడమ చేత్తో నా ముందుకు చాపింది.

"పిల్లలకియ్యి. వాళ్లు ఎదురుచూస్తున్నరు, పో."

నేను డబ్బా తీసుకుని వెళ్లాను.